చాటకు కట్టిన పోగు

నర్సక్కా,

ఇవాళ నూలు పున్నమి, మీ పద్మశాలీల పండగ. మార్కండేయుడి రథం కదిలినట్టుంది, డోళ్ల మోత మన గల్లీ దాకా వినిపిస్తోంది. నువ్వు లేవని తెలిసే రాస్తున్నాను. ఉన్నా నీకు చదువు రాదు, నాతోనే చదివించుకునేదానివి.

ఇరవై ఏళ్లు ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టాం. ప్రతి నూలు పున్నమికీ నా చేతికి రక్షగా నూలు పోగు కట్టేదానివి. పోయినేడు మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అంతకు నెల ముందే బాప్తిస్మం తీసుకున్నాను.

"ఏసును నమ్మనోళ్లకు రక్షణ లేదక్కా" అన్నాను, నువ్వు అడగకపోయినా.

నువ్వు కోప్పడలేదు. "అయితే చచ్చినంక మనం కలువమా, సుజాతా?" అన్నావు.

నేను ఇంకో తునికాకు తీసి కత్తిరించాను. నువ్వు ఆ పోగును నా బీడీల చాటకు కట్టి వెళ్లావు. దీపావళి రాకముందే పోయావు.

చర్చిలో విన్న ఆ మాటను ఇప్పటికీ నమ్ముతున్నాను. అందులో నీ పేరు పెట్టి అనుకోవడమే నావల్ల కావడం లేదు.

ఇందాక నీ కోడలు పోగు తెచ్చింది. ఈసారి నేనే చెయ్యి చాపాను.

"నక్కో, చేతికి వద్దు చిన్నత్తా. నీ దేవుని ముంగట నీకు మాట రావద్దన్నది అత్తమ్మ. పోయేముందు నాకు మరీ మరీ చెప్పింది, చాటకే కట్టుమని."

ఆమె ముడి వేస్తుంటే చాట కదలకుండా పట్టుకున్నాను, చాపిన ఆ చేత్తోనే.