ముప్పై గ్రాముల ఉప్పు

కొల్లాపూర్
28 మే 2022

ప్రియమైన ఏసోబన్నకు,

వహీద్ సలాం. మూడేళ్ళ తర్వాత ఉత్తరం ఏమిటనుకుంటావు. ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. పంపు స్టవ్వుల హోరు పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ చెవులు ఇవి. పక్కింట్లో పెళ్ళి బ్యాండు మోగినా దోమ పాడినట్టే ఉంటుంది. ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తేనే వినిపిస్తుంది. కళ్ళు మాత్రం బాగున్నాయి. నువ్వు రాయి, నేను చదువుతాను.

దావతు వంటలు మానేశాను. వయసయింది, బిర్యానీ దేగ్‌లు దించలేకపోతున్నాను. నీ మరదలు ఖమర్ మార్చి నుంచి జడ్చర్లలో మా బిడ్డ జేబా దగ్గర ఉంది. జేబాకు కొడుకు పుట్టాడు, దసరా దాకా ఖమర్ రాదు. ఇంతలో మా ఊరి డాక్టర్ స్వర్ణమ్మ కబురు పెట్టింది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళను పదేసి రోజులు ఉంచుకొని, మందులతోపాటు తిండి కూడా నేర్పే చోటొకటి తెరిచింది. ఇరవై మంచాలు. మాంసం లేదు, డాల్డా లేదు. పప్పులు, ఆకుకూరలు, జొన్నలు.

"అమ్మా, నేను బిర్యానీ వండేటోణ్ణి" అన్నాను.

"తెల్సు వహీద్ భాయ్. నా పేషెంట్లల్ల సగం మంది నీ బిర్యానీ తినే నా దగ్గరికొచ్చిండ్రు. తయారుచేసి పంపింది నువ్వే, బాగుచేసుడు గూడ నువ్వే చెయ్యి" అంది.

బక్రీద్ దాకా చూస్తుందట. పళ్ళేలు ఖాళీగా తిరిగొస్తే పని నాది. లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటుంది. అన్నా, ఈ పని నాకు కావాలి.

హాస్టల్ పిల్లలకు ముప్పై ఏళ్ళు పప్పూ కూరా వండిన మనిషివి. ఆ పద్ధతులు రాసి పంపు. ఇరవై మందికి లెక్క. గుప్పెడు, చిటికెడు, తగినంత అని రాయొద్దు. ఎవరి గుప్పెడని చూసేది? అన్నీ గ్రాముల్లో రాయి, ఉప్పుతో సహా.

నీ తమ్ముడు
వహీద్


దేవరకొండ
6 జూన్ 2022

ప్రియమైన వహీద్‌కు,

ఏసోబు అన్న దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి రెండుసార్లూ నవ్వాను. నువ్వు గ్రాములు అడగడమా! ప్రాజెక్టు మెస్సులో మనిద్దరం వండే రోజుల్లో ఎవరైనా ఉప్పు ఎంత అని అడిగితే ఏమనేవాడివి? "చెయ్యికి తెల్సు, నన్నెందుకు అడుగుతవ్?" అనేవాడివి. కొత్త ఓవర్సీరు తూకం వెయ్యమన్న రోజు గరిటె కిందపెట్టి బయటికి నడిచావు. రెండు వందల మందికి అన్నం నేనొక్కడినే వార్చుకున్నాను. అటువంటి మనిషి గ్రాములు అడిగాడంటే లోకమన్నా మారి ఉండాలి, నువ్వన్నా మారి ఉండాలి. సరే.

నీ అదృష్టం, నా దగ్గర గ్రాములున్నాయి. హాస్టల్‌కు మల్లప్ప అని ఒక వార్డెన్ వచ్చాడు. బక్కపలచని మనిషి, అనుమానం మాత్రం బాగా బలిసింది. ఉప్పు కూడా త్రాసులో వేసి పొయ్యి దగ్గరికి పంపేవాడు. అప్పటికి నాకు చదువు రాదు. బియ్యం బస్తాల మీది అచ్చు చూసి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందరూ 'అమ్మ', 'ఆవు' అని మొదలుపెడతారు. నేను మొట్టమొదట చదివిన మాట 'నికర బరువు'. ఆ చదువుతోనే మల్లప్ప తూకాలన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించాను. ఆయన బదిలీ మీద పోయాడు, ఆయన గ్రాములు నాకు మిగిలాయి. రిటైరయ్యేదాకా వాటితోనే వండాను. వంద మంది లెక్కను ఇరవైకి దించి రాస్తున్నాను.

తోటకూర పప్పుకు కిలో కందిపప్పు, కిలోన్నర తోటకూర. పప్పులో పసుపు, ఐదు గ్రాముల తినేసోడా వేసి గంటన్నర ఉడకనివ్వు. చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయాలి, ముందే పోస్తే పప్పు బిగుసుకుంటుంది. ఉప్పు ముప్పై గ్రాములు. తాలింపుకు జీలకర్ర, పది వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల నూనె చాలు. ఉలవలు ముందురోజే నానబెట్టి గుడ్డలో కట్టు. మొలకెత్తిన ఉలవలతో చారు పెడితే ఒంటికి మంచిది. బొబ్బర్లు సొరకాయ ముక్కలతో వండు. మిగతావి వెనక కాగితం మీద ఉన్నాయి.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఆశ్చర్యపోకు, కొత్త కళ్ళజోడు. నేను బాగున్నాను. మా బిడ్డ ఎస్తేరు అంగన్‌వాడీ పనికి పోయేముందు "నాయినా, జర కూసో" అంటుంది. నేను వింటానా? ఇప్పటికీ పొద్దున్నే పొయ్యి ముట్టించేది నేనే.

నీ మేలు కోరే
ఏసోబు


కొల్లాపూర్
16 జూన్ 2022

ప్రియమైన అన్నకు,

నీ కాగితాలు అందాయి. పదో తారీఖున పని మొదలుపెట్టాను. గంటన్నర ఉడకబెట్టమన్నావు గదా, అరగంటకే పప్పు మెత్తబడి గంటకల్లా గంజి అయింది. రెండో రోజు నుంచి సోడా మానేసి అరగంటకే దించుతున్నాను. మిగతాదంతా నువ్వు రాసినట్టే. ఉప్పు ముప్పై అంటే ముప్పై.

డాక్టరమ్మ మొదటి ముద్దకే మెచ్చుకుంది. "ఉప్పు ఇంత తక్కువేసే వంటమనిషిని ఇన్నేండ్లల్ల నిన్నే చూసిన" అంది. కానీ అన్నా, పళ్ళేలు సగం సగం తిరిగొస్తున్నాయి. ఐలేశం అని ఒక రిటైర్డు లారీ డ్రైవరున్నాడు. "భాయ్, నీ బిర్యానీ తింటే బీపీ ఒక్కటే వచ్చింది. గీ పప్పు తింటుంటే బతుకు మీదనే ఆశ పోతాంది" అన్నాడు. గుర్వమ్మ అనే ముసలామె కొంగులో మామిడికాయ తొక్కు పచ్చడి కట్టుకొచ్చి దొరికిపోయింది. అడిగితే, "నీ కూర కంటె దవాఖాన గోలీలే నయ్యం బిడ్డా. తొక్కు గుంజుకుంటవా, గుంజుకో. రేపు ఇంకోటి తెప్పిస్త" అంది.

మందులకు వీళ్ళ నోళ్ళు చెడినట్టున్నాయి. ఏం చేస్తే తింటారు? బక్రీద్ ఇంక ఇరవై నాలుగు రోజులే ఉంది.

నీ తమ్ముడు
వహీద్


దేవరకొండ
22 జూన్ 2022

ప్రియమైన వహీద్‌కు,

నీ ఉత్తరం శనివారం అందింది. ఐలేశం మాటకు నవ్వాను గాని, వాళ్ళెందుకు తినడం లేదో చూద్దామని ఆదివారం చర్చి నుంచి వచ్చాక అదే నోట్‌బుక్, అదే తూకంతో తోటకూర పప్పు చేయించాను. ఎస్తేరు ఒక్క మెతుకు నాలుక మీద వేసుకొని, "నాయినా, నీ నోటుబుక్కుల ఉప్పు సగమే రాసినవా? గిట్లైతే పోరలు తిన్నరా?" అంది. తిన్నారు మరి, గిన్నె నాకి తిన్నారు. అక్కడ ఆలోచనలో పడ్డాను.

హాస్టల్‌లో మాది బోరు నీళ్ళు. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి గుక్కకు ముఖం చిట్లించేవాళ్ళు, అంత ఉప్పన. బరువు నీళ్ళు కూడా, పప్పు ఓ పట్టాన ఉడికేది కాదు. గంటన్నర మంట, సోడా అందుకే. కూరకు పట్టే ఉప్పులో సగం బోరే పెట్టేది. మల్లప్ప ఉప్పును తూచాడు గాని నీళ్ళను తూచలేదు. తెలంగాణ వచ్చాక మా ఇంటికి నల్లా వచ్చింది, కృష్ణ నీళ్ళు. మీవీ కృష్ణ నీళ్ళే. ఈ నీళ్ళకు ఆ ముప్పై గ్రాములు సరిపోవు. ఇన్నేళ్ళు వండి, నీళ్ళ సంగతి మరిచి నీకు లెక్క పంపాను. తప్పు నాది.

ఇక నీ సంగతి. పప్పు గంజి అయితే నీ కంటికి కనబడింది, సరిచేసుకున్నావు. ఉప్పు సరిచేసుకోలేదు. ఎస్తేరు చిన్నపిల్లలకు పాటలు చెప్పే మనిషి, ఆమెకు ఒక్క మెతుకుతో తెలిసింది. నీకు ఆరు రోజులైనా తెలియలేదు. రుచి చూడకుండా గిన్నె దించే మనిషివి కావు. చూసినా తెలియలేదంటే, వహీద్, నిరుడు నీకు కరోనా వచ్చిందని విన్నాను. ఆ జ్వరంలో ముక్కూ నాలుకా పోయిన వాళ్ళున్నారు. కొందరికి తిరిగి వచ్చాయి. నీకు రాలేదు గదా? గ్రాములు అడిగింది అందుకే గదా?

నేను పొరబడితే తిట్టి రాయి. పొరబడకపోతే ఒక్క ముక్క రాయి.

నీ
ఏసోబు


కొల్లాపూర్
11 జులై 2022

ప్రియమైన ఏసోబన్నకు,

నీ ఉత్తరం పదిహేను రోజులు పసుపు డబ్బా కింద ఉంది. తిడదామని రెండుసార్లు కాగితం తీశాను. తిట్లు రాలేదు.

నిజమే. నిరుడు మే నుంచి నాకు రుచి లేదు. వేడీ చల్లనా తెలుస్తాయి, మిరపకాయ మంట తెలుస్తుంది. ఉప్పూ పులుపూ తెలియవు. ఇంట్లో ఖమర్ ముఖం చూసి వండేవాణ్ణి. మొదటి ముద్దకు ఆమె ఎడమ కనుబొమ్మ లేస్తే ఉప్పు తక్కువ. నీళ్ళ గ్లాసు అందుకుంటే ఎక్కువ. దావతులకు కూడా ఆమెను వెంట తీసుకుపోయేవాణ్ణి, తోడుకని చెప్పి. ఆమెకు తెలుసో లేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె జడ్చర్ల పోయిన వారానికి ఒక నిఖాలో రెండు దేగ్‌ల బిర్యానీ ఉప్పు విషమైంది. మూడు వందల మంది తినకుండా లేచారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. దేగ్‌లు దించలేక మానడం కాదు, అందుకు మానాను. ఈ పని కూడా పోతే నేను వంటవాణ్ణి కాను, వట్టి చెవిటివాణ్ణి.

నిన్న బక్రీద్. ఉదయం నమాజు నుంచి వస్తూ డాక్టరమ్మకు చెప్పేశాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి, "చేతులు మంచిగున్నయ్ గదా. నాలిక ఒకటి దొరకబట్టుకో. నెలాఖరు దాకా టైమ్ ఇస్తున్న. అప్పటికీ పళ్ళేలు గిట్లనే వస్తే నేనేం చెయ్యలేను" అంది.

ఇప్పుడు నీ సంగతి. గుట్టు పట్టడం నీకొక్కడికే వచ్చనుకున్నావు. నా కళ్ళు బాగున్నాయని మొదటి ఉత్తరంలోనే రాశాను. కళ్ళజోడు మారిస్తే అక్షరాలు పెద్దవి అవుతాయేమో గాని గుండ్రంగా ఎట్లా అవుతాయి? నీవి బస్తా మీది అచ్చులాగా ఒకదానికొకటి తగలకుండా నిలబడే అక్షరాలు. ఇవి పిల్లలకు బోర్డు మీద రాసే చేతివి. ఎస్తేరూ, బిడ్డా, నీ రాత బాగుంది. పొయ్యి నేనే ముట్టిస్తానన్న మనిషి, ఆదివారం పప్పు చేయించానని నీ చేతనే రాయించాడు చూడు.

అన్నా, ఆ బోరు నీళ్ళు పప్పుకు ఉప్పు పెట్టి ఊరుకున్నాయా, నీ మోచేతులు కూడా పట్టుకున్నాయా? నేను ఒప్పుకున్నాను, నువ్వూ ఒప్పుకో. ఒప్పుకుంటే బస్సెక్కు. ఇక్కడ రెండు మంచాలు పట్టే గది ఉంది. గరిటె నేను తిప్పుతాను.

నీ తమ్ముడు
వహీద్


దేవరకొండ
17 జులై 2022

ప్రియమైన వహీద్‌కు,

నీ ఉత్తరం ఎస్తేరు చదివి వినిపించింది. తన పేరు వచ్చిన చోట నవ్వింది, తర్వాత కాసేపు లోపలికి పోయింది. ఇదీ ఆమే రాస్తోంది.

ఒప్పుకుంటున్నాను. రెండేళ్ళుగా మోచేతులు చాచలేను. డాక్టర్లు ఫ్లోరైడు అన్నారు. గరిటె మాట దేవుడెరుగు, పెన్నే నిలవదు. ముద్ద నోటి దాకా రాదు గనుక నోరే ముద్ద దాకా పోతుంది. నాలుక మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆ సంగతి మా ఎస్తేరును అడుగు.

వచ్చే సోమవారం బస్సెక్కుతున్నాను, కల్వకుర్తిలో మారతాను. అంతదాకా ఉప్పు పెంచకు. డాక్టరమ్మ మాటే మాట, ఆ ముప్పై అట్లాగే ఉండనీ. ఉప్పు తగ్గిన చోట పులుపూ, వేయించిన నువ్వుల పొడీ, దంచిన ధనియాలూ నిలబడాలి. కానీ పుంటికూర ఏ రోజు ఎంత పుల్లగా ఉందో ఏ నోట్‌బుక్కూ చెప్పదు, నోట్లో వేసుకొని చూడాల్సిందే. ఆ పని నాకు వదిలిపెట్టు. నా కనుబొమ్మలు రెండూ లేస్తాయి, ఏది దేనికో వచ్చాక చెప్తాను. గుర్వమ్మ తొక్కు గుంజుకోకు. ముందు నేను రుచి చూడాలి.

నోట్‌బుక్ ఎస్తేరుకు ఇచ్చేశాను. ఆమె ముప్పై గ్రాములు అన్నచోట గీతకొట్టి, పక్కన 'నీళ్ళు చూసి' అని రాసుకుంది. మల్లప్పకు ఈ ముక్క తోచలేదు.

కింద పేరు మాత్రం నేనే రాశాను. పావుగంట పట్టింది. నీ కళ్ళు బాగున్నాయంటున్నావు గదా, బస్తా మీది అచ్చులాగా ఉందో లేదో చూసి చెప్పు.

ఏసోబు