హాల్లో ఎర్ర గీత

ప్రియమైన అక్కాయికి,

నువ్వు పంపిన చెక్కపెట్టె క్షేమంగా చేరింది. నేను మాత్రం క్షేమంగా లేను.

కొత్త ఇంటికి నీ చేత్తో ఒక బొమ్మ వేసి పంపవే అని నోరు తెరిచి అడిగాను కదా. బొమ్మంటే ఏమనుకున్నాను? మీ పింగాణీ కార్ఖానాలో పళ్లేల మీద వేస్తావే, కొమ్మా, కొమ్మ మీద పిట్టా, అలాంటిది ఇంకాస్త పెద్దదిగా వేస్తావనుకున్నాను. మీ మరిది పెట్టె మేకులు ఊడదీస్తుంటే పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. తీరా చూస్తే ఏముంది? నీలం చతురస్రాలు, పసుపు త్రికోణాలు, నల్ల పట్టీలు, నడిమధ్య అడ్డంగా ఒక ఎర్ర గీత. పిట్ట ఎక్కడైనా దాక్కుందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను.

మీ మరిది సంగతి తెలుసుగా, కిటికీ చట్రాలు చేసుకునే మనిషి, ఎవరినీ నొప్పించడు. కాసేపు గడ్డం గోక్కుని, "మూలలన్నీ మట్టానికే ఉన్నాయి" అన్నాడు. అదీ ఆయన మెచ్చుకోలు!

ఎందుకే ఇలా చేశావు? చక్రం మీద కప్పు తిరుగుతుంటే ఊపిరి బిగబట్టి, అంచు చుట్టూ ఒక్క చుట్టులో గీత గీసేసే దానివి. మొదలెక్కడో తుదెక్కడో వెతికినా దొరకదు. అలాంటి చెయ్యి పెట్టుకుని, లెక్కల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టున్న ఈ డబ్బాలు నాకు పంపుతావా? బద్ధకించానని చెప్పు, ఊరుకుంటాను.

దాన్ని మంచం కింద పెట్టాను. తెచ్చుకుంటే కోపం తెచ్చుకో.

నీ గయ్యాళి చెల్లెలు


ప్రియమైన గయ్యాళికి,

తెచ్చుకోమన్నావుగా, తెచ్చుకున్నాను. మంచం కింద తోయడానికి అదేమన్నా పాత ట్రంకుపెట్టా?

ముందు ఒక మాట. ఈ ఉత్తరం టైపులో ఉందని మూతి ముడవకు. ప్యాకింగ్ గదిలో పని ఎక్కువైంది, కొన్నాళ్లు అక్కడ కూర్చోమన్నారు. పెట్టెల మీద అంటించే చీటీలు కొట్టే మిషను నా ఎదురుగానే ఉంటుంది. కలం వెతుక్కోవడం దేనికని దీని మీదే కొట్టేస్తున్నాను.

పిట్టలు వేసీ వేసీ విసుగొచ్చిందే. ఇక వెయ్యను. ఇంకోటి వేసి పంపమని కూడా అడగకు, నేను నీకిచ్చే బొమ్మ ఇదే. అక్కర్లేకపోతే తిప్పి పంపెయ్, ఏమీ అనుకోను. అబద్ధం. అనుకుంటాను.

ఉంచుకునేట్టయితే మాత్రం సరిగ్గా ఉంచుకో. నువ్వు పొద్దున్నే టీ పట్టుకుని కూలబడే కుర్చీ ఉందిగా, దానికి ఎదురుగోడకి తగిలించు. అందరూ మెడ పైకెత్తి చూసేంత ఎత్తున మేకు కొడతారు, అలా చెయ్యకు. నువ్వు కూర్చుంటే ఆ ఎర్ర గీత సరిగ్గా నీ కళ్లకి ఎదురుగా రావాలి. పక్కన గడియారం, క్యాలెండరు వేలాడదీశావో, వచ్చి చెవి మెలేస్తాను. కొన్నాళ్లు రోజూ చూడు. చూశాక తిట్టు.

నీ అక్క


ప్రియమైన అక్కాయికి,

నీ ఉత్తరం చదువుతుంటే కరెంటాఫీసు నుంచి నోటీసొచ్చినట్టుంది. ప్యాకింగ్ గదిలో కలాలకి కరువొచ్చిందా?

సరే, నీ మాటే నెగ్గింది. తగిలించాం. ఆ ముచ్చట చెప్తాను విను. మీ మరిది రసమట్టం, సుత్తి పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. నేను కుర్చీలో. "కూర్చో. కళ్లెక్కడున్నాయి? వంగకు, మామూలుగా కూర్చో. ఇదేనా మామూలు?" అని ప్రాణం తోడేశాడు. నేను మామూలుగా ఎలా కూర్చుంటానో నేనే మరిచిపోయేట్టు చేశాడు. మొదటి మేకు పైకి పోయింది, రెండోది గోడలో ఇటుక దొరక్క రాలిపడింది. మూడోదానికి నిలిచింది. ఆ చిల్లులు రెండూ నీ బొమ్మ వెనకే దాక్కున్నాయి, అందుకైనా పనికొచ్చింది.

ఇక వచ్చినవాళ్ల మాటలు. పక్కింటావిడ "ఇంటి ప్లానా అమ్మా? వంటగది ఎటు?" అంది. కుళాయి బాగుచేయడానికొచ్చినతను తల పక్కకి వాల్చి, "తలకిందులుగా పెట్టారేమో చూసుకోండి" అని సలహా చెప్పి పోయాడు. మా అత్తగారు మాత్రం ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంటున్నారు. అడిగితే, "ఈ ఇంట్లో నన్ను ఏ పనీ అడగనిది ఇదొక్కటే" అన్నారు. అది నాకో చురకని తర్వాత అర్థమైంది.

దాచడమెందుకు, నాక్కూడా అలవాటైంది. సాయంత్రం కిటికీలోంచి ఎండ పడితే ఆ పసుపు త్రికోణం గోడలోంచి ముందుకొచ్చినట్టు ఉంటోంది. నీలం వెనక్కి పోతోంది. పని ఆపి చూస్తున్నాను.

కానీ అక్కా, ఆ ఎర్ర గీత! రోజూ చూడమన్నావు, చూశాను. చూస్తే ఏం కనపడింది? వంకర! మిగతావన్నీ కత్తితో కోసినట్టున్నాయి, అదొక్కటే తడిసిన దారంలా వంకర్లు పోయింది. సరిగ్గా నా కళ్లకి ఎదురుగా పెట్టించావాయె, టీ గొంతు దిగట్లేదు. పంటిలో ఇరుక్కున్న పీచులా ఒకటే నస. చివరికి నేనే మీ మరిదిని పోరాను. ఆయన వద్దంటూనే ఆదివారం టేపు అంటించి, కిటికీలకేసే తెలుపుతో వంకరంతా కప్పేసి, దాని మీద ఎరుపుతో తిన్నగా లాగేశాడు. ఎంత బాగా కుదిరిందనుకున్నావు! రసమట్టం పెట్టినా తప్పు దొరకదు.

తొందర్లో చెయ్యి జారిందేమోలే అనుకున్నాను. నీ పరువు నిలబెట్టాను. థాంక్స్ చెప్పు.

నీ గయ్యాళి


చెల్లాయికి,

గీత తిన్నగా వచ్చిందన్నావు. సంతోషం.

ఇక దాన్ని ఎక్కడ పెట్టుకున్నా ఒకటే. గడియారం కావాలన్నా తగిలించుకో.

అక్క


ప్రియమైన అక్కాయికి,

నీ ఉత్తరం చూడగానే ముందు ఒళ్లు మండింది. మంచికి పోతే చెడు ఎదురైందని, ఇల్లంతా వినపడేలా అరిచాను. బొమ్మ దింపి పంపెయ్యమన్నాను. మీ మరిది దింపాడు గానీ పెట్టెలో పెట్టలేదు. బల్ల మీద పడుకోబెట్టి, "ఇలా రా, వేలు పెట్టి చూడు" అన్నాడు.

చూశాను. టేపు అంటించి రంగేస్తే, టేపు పీకాక అంచున సన్నగా గట్టులా నిలుస్తుందట. కిటికీలకి ఆయన రోజూ చూసేదే. నీ నీలానికి గట్టుంది. పసుపుకి ఉంది, నలుపుకి ఉంది. అన్నీ టేపుతో వేసినవే. "ఎర్ర గీతకి మాత్రం నేను చెయ్యి పెట్టేదాకా గట్టు లేదు. అదొక్కటే మీ అక్క టేపు లేకుండా గీసింది. ఆ రోజే నీకు చెప్పబోయాను, నువ్వు విన్నావా?" అన్నాడు.

తిరిగే కప్పు మీద చేత్తో గీత గీసే మనిషికి టేపు దేనికి? టేపు లేకుండా గీసిన ఒక్క గీతా అలా ఎందుకొచ్చింది? కలం ఎందుకు పట్టుకోవట్లేదు? ప్యాకింగ్ గదిలో ఎందుకు కూర్చున్నావు? పిట్టలు ఎందుకు వెయ్యనన్నావు? నాకు బుర్ర లేదని చిన్నప్పట్నించీ అంటావుగా, ఇన్నాళ్లకి ఒప్పుకుంటున్నాను.

చెయ్యి వణుకుతోందా అక్కా? ఎప్పట్నించి? ఒక్క ముక్క చెప్పడానికేం రోగం నీకు? నేను పరాయిదాన్నా? భయమేస్తోందే నాకు. కోపమూ వస్తోంది, రెండూ కలిసి ఏడుపొస్తోంది.

మేం వేసిన రంగు తీసేద్దామని మీ మరిది గుడ్డని రంగు కరిగించే మందులో ముంచి మెల్లగా తుడిచాడు. మాదీ పోయింది, దాంతోపాటు కింద నీదీ పోయింది. ఇప్పుడక్కడ ఉత్త తెల్ల పట్టీ ఉంది. తలెత్తి నీ ముఖం చూడలేను. కానీ నువ్వే రావాలి. వచ్చి మళ్లీ గియ్యి. ఎలా వస్తే అలాగే గియ్యి. నీ బొమ్మ అదే మేకుకి తగిలించి ఉంచుతాను.

నీ చెల్లెలు


ప్రియమైన గయ్యాళికి,

ఇది చేత్తో రాస్తున్నాను. చదవలేకపోతే మీ అత్తగారి కళ్లజోడు అడిగి పెట్టుకో, నాకు మాత్రం ఫోన్ చేసి "ఇదేం అక్షరమే" అనకు.

వణుకుతోంది. చలి రోజులు మొదలైనప్పట్నించి. డాక్టరు మందులిచ్చాడు. పెరగకుండా చూద్దామన్నాడు, పోతుందని మాత్రం అనలేదు. ఒకసారి వరసగా పెట్టిన కప్పులన్నిటికీ అంచు గీత పాడైంది. మేస్త్రీ తనే వాటిని పక్కకి తీసి పెట్టాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు నేనే ప్యాకింగ్ గది అడిగాను.

అక్కడ పెట్టెలకి టేపు వేస్తుంటేనే తట్టింది. టేపు అంటించి రంగేశాను. బ్రష్ ఎంత ఊగినా, పీకగానే కింద గీత తిన్నగా ఉంది. ఏడ్చానే. ఒక్కదాన్నే కూర్చుని, నవ్వుతూ ఏడ్చాను. మొత్తం బొమ్మంతా అలాగే వేశాను.

ఎర్ర గీత దగ్గరికొచ్చేసరికి టేపు పక్కన పడేశాను. నీకు చెప్పాలి, చెప్పడానికి నోరు రావట్లేదు. అందుకే గీసి, నీ కళ్లకి ఎదురుగా పెట్టమన్నాను. చూసి నువ్వే కనిపెడతావనుకున్నాను. కనిపెట్టావు తల్లీ! కనిపెట్టి సరిచేసి పారేశావు. నిన్ను ఏం చెయ్యాలో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం వస్తున్నాను. ఎరుపు నేనే తెస్తాను, మీ కిటికీల రంగు నాకొద్దు. కుర్చీ జరపొద్దని మరిదికి చెప్పు. గీసేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడాలు, పక్కన నిలబడి ముక్కు చీదడాలు ఉండకూడదు. నీ కుర్చీలో నువ్వు కూర్చుని టీ తాగు.

టేపు మాత్రం నా కంటపడకుండా దాచెయ్. ఎదురుగా ఉంటే మనసు లాగుతుంది.

నీ అక్క