టిఫిన్ సంచికి నేను చేర్చిన మాట

మంగళవారం

పక్కింటి సత్తెమ్మత్త నీలం సంచి పట్టుకొని వచ్చింది. "గీ సంచిల వెట్టిన ఇన్సులిన్ ఎండకు ఖరాబైందట బిడ్డా. మీ మామ నిన్న కండ్లు తిరిగి పడ్డడు, దవాఖానల ఉన్నడు. ఫోన్‌ల ఇన్సులిన్ సంచి అని కొడితే మొదలు గిదే వచ్చింది" అంది.

అది నేను పనిచేసే పురానాపూల్ దుకాణం సేఠ్ ఆన్‌లైన్‌లో అమ్మే మామూలు టిఫిన్ సంచి. ఎవరేం వెతికినా మా సరుకే కనబడాలని దాని పేరు వెనక నానా మాటలు చేర్చేది నేనే. 'ఇన్సులిన్' అందులో ఒకటి.

"ఈసారి నువ్వే మంచిది చూడు. నీకు ఎరుకుంటది గద" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

వెతికాను. మొదట మా ఎర్ర సంచి వచ్చింది. దానికి ఆ మాట నిన్ననే చేర్చాను.