పచ్చకార్డు రజితకే ముందొచ్చింది

మా సునీతక్క సముఖానికి ప్రభువు నామంలో వందనాలు చేసి, జపాన్ నుంచి తమ్ముడు ప్రవీణ్ వినయంగా రాసేది: నా ఒళ్లు బాగుంది, మనసే బాగాలేదు. అవ్వ మోకాళ్లు, బాపు దగ్గు, బావ కోపం ఎలా ఉన్నాయి? కాగజ్‌నగర్‌లో ఎండలు ముదిరాయా? ఇక్కడ ఇంకా చలే. అన్నం దొరుకుతుంది, కారమే దొరకదు. వీలుంటే అవ్వ దంచింది పంపు. నా గురించి ఫికర్ చేయొద్దు.

మనసు బాగాలేకపోవడానికి కారణం రజిత. మనలాగే తెలుగు పిల్ల, కరీంనగర్. నేనూ ఆమే ఒకే ల్యాబులో కాగితం మీద పరిశోధనకు చేరాం. కాగితం ఊళ్లో పుట్టింది నేను. అయినా ల్యాబు తలుపు ఆమెకే తెరుచుకుంది. ఇక్కడ విదేశీ విద్యార్థులందరికీ ముందు భద్రతా శిక్షణ ఇస్తారు. అందులో రాతపరీక్ష, డ్రిల్లు రెండూ పాసైతే పచ్చకార్డు, కార్డుంటేనే ల్యాబు. ఉన్న యంత్రం ఒక్కటే, కార్డు ముందొచ్చిన వాళ్లదే.

రాతపరీక్షలో "భూకంపం వస్తే మొదట ఏం చేస్తావు?" అని అడిగారు. ఇంటికి ఫోన్ చేస్తానని రాశాను. బల్ల కింద దూరాలట. రజిత కాగితం మీద దూరింది, పాసయింది; డ్రిల్లూ గట్టెక్కింది. కార్డుతోపాటు ఆమెకు పసుపు హెల్మెట్ ఇచ్చి, మా అంతస్తులో తలలు లెక్కపెట్టే పని కూడా అప్పగించారు. ఆ హెల్మెట్ ఆమెకు నప్పలేదని వారం పాటు నాకు నేను చెప్పుకున్నాను. నప్పింది.

రెండోసారికి నేనూ రాతపరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది అగ్నిప్రమాదం డ్రిల్లు. ఎప్పుడు పెడతారో ముందుగా చెప్పరు. గురువారం మధ్యాహ్నం సైరన్ మోగింది. అక్కా, మధ్యాహ్నం మన ఊరి కాగితం మిల్లు సైరన్ వినగానే అవ్వ మన ముందు కంచం పెట్టేది కదా, నీకు తెలియనిదా! నా చేయి దానంతటదే టిఫిన్ డబ్బా మూత తీసింది. అందరూ మైదానంలో ఉన్నారు. నేను మూడో అంతస్తులో పప్పన్నం కలుపుతున్నాను.

రజిత రొప్పుతూ వచ్చింది.

"ఏందిరా, సైరన్ మోగుతుంటే బువ్వ తింటున్నవా?"

"మోగిందనే తింటున్న."

"నీ తెలివి మండ! లేవు! నిజంగ మంటలొస్తే గిట్లనే కూసుంటవా?"

ఎంగిలి చేత్తోనే మెట్లు దిగాను. నేను ఫెయిలు. ఒకసారి బయటికొచ్చాక ఎవరి కోసమూ లోపలికి పోరాదన్నది ఇక్కడి మొదటి నియమం. అందుకని రజిత కార్డు కూడా వెనక్కి తీసుకున్నారు. మంగళవారం ఇద్దరం మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాలి.

నాకు పండగ కావాల్సింది, కాలేదు. "నియమం తెల్వదా నీకు? ఎందుకొచ్చినవ్?" అని అడిగాను. "తెల్సు. లెక్కల ఒకడు తక్కువుండె" అంది, అంతే.

ఆమె చోట నేనుంటే మెట్లెక్కేవాణ్ణి కాదక్కా. కార్డు జేబులో భద్రంగా పెట్టుకొని, నియమం ప్రకారం నిలబడేవాణ్ణి. ఇప్పుడు నా కుళ్లు కార్డు మీద కాదు. ఏమీ ఆలోచించకుండా మెట్లెక్కేసింది చూడు, ఆ గుణం మీద.

ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీ ఇస్తే, రజిత పేరు ముందు రాయి. నా పేరు దాని కింద. మరీ కిందికి వద్దు.

అవ్వకూ బాపుకూ కాళ్లకు దండాలు, బావకు దూరం నుంచే నమస్కారం. మీ దీవెనలు కోరుతూ,

ఇంకా కార్డు రాని నీ తమ్ముడు,
ప్రవీణ్