అడిగితే లేదన్నాను

ఏవండీ,

మీకు నమస్కరించి రాస్తున్నాను. నా రాతలో తప్పులుంటే క్షమించండి. చదివింది ఐదో తరగతి, ఒత్తులు నాకు ఎప్పుడూ కుదిరి చావలేదు. ఈసారి పడుకుని రాస్తున్నాను, అందుకని అక్షరాలు మరీ వంకర పోయాయి. అత్తయ్య, మామయ్య కులాసాగా ఉన్నారు. మీరు వంతెన మీద పని చేసేటప్పుడు నడుముకి తాడు కట్టుకుంటున్నారు కదా?

మీరు చెప్పినట్టే పాలు తాగుతున్నాను. బిడ్డ బాగా కదులుతోంది. మామయ్య రేడియో పెడితే మరీ తంతోంది. "అచ్చం వాళ్ళ నాన్నే, పాట వింటే కాలు నిలవదు" అంటున్నారు అత్తయ్య. కుట్టుపని మానేశావా అని మీ ఉత్తరంలో అడిగారు. మానేశాను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన వారం చొక్కా కాలరు కుడుతుంటే నడుములో కుడివైపు కత్తి దింపినట్టు నొప్పి వచ్చింది. పొత్తికడుపులోకి పాకింది. వాంతులయ్యాయి. "ఏడో నెలకే నొప్పులొచ్చేశాయి!" అని పక్క మిషను అక్క కేకలు పెట్టింది. మామయ్య వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. "ఒంటికి వెళ్తే మంటగా ఉంటోందా? రక్తం ఏమైనా కనబడిందా?" అని డాక్టరమ్మ అడిగారు. మామయ్య నా తల దగ్గరే నిలబడి ఉన్నారు. లేదన్నాను.

రెండూ ఉన్నాయండీ.

దాంతో కాన్పు నొప్పులే అనుకుని వాటికే మందులిచ్చారు. నొప్పి ఆగలేదు సరికదా, చలిజ్వరం పట్టుకుంది. అత్తయ్య వచ్చి నా మొహం చూశారు. "మీరు గోడలా అలా నిలబడితే అదేం చెబుతుందండీ? కాస్త బయటికి నడవండి" అని మామయ్యని పంపించేశారు. ఆ తర్వాత నన్ను పట్టుకున్నారు. "నీ సిగ్గు చల్లగుండ! బిడ్డ కంటే ఎక్కువైందా నీకది? చెప్పి చావవే!" తిడుతూనే ఏడ్చారు. అప్పుడు చెప్పాను.

స్కానింగు తీస్తే మూత్రం దిగే దారిలో రాయి అడ్డం పడి ఉంది. "నీళ్ళు తాగవా అమ్మాయ్?" అన్నారు డాక్టరమ్మ.

ఇది మీకూ ఎప్పుడూ చెప్పలేదు. మా కుట్టు షెడ్డులో మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఇస్త్రీ చేసే మగవాళ్ళందరి మధ్యనుంచీ నడవాలి. అందుకని ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేదాన్ని కాదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా.

సన్న గొట్టం వేసి అడ్డం తప్పించారు. జ్వరం తగ్గింది. బిడ్డ గుండె చప్పుడు నాకూ వినిపించారు. కానీ కడుపు ఇంకా అప్పుడప్పుడు బిగుసుకుంటోందని ఆస్పత్రిలోనే ఉంచారు. ఇప్పుడే కాన్పయితే బిడ్డకి ఊపిరి తీసుకోవడం కష్టమట. అందుకని ముందుగానే నాకు సూదులు వేశారు. "ఓర్చుకోవడం నీకు బాగా వచ్చు. ఇక పిలవడం నేర్చుకో" అన్నారు డాక్టరమ్మ.

ఇది రాస్తుండగా ఒకసారి బిగిసింది. నర్సమ్మా అని పిలిస్తే మీసాలున్న నర్సు వచ్చాడు. అయినా చెప్పాను.

మీకు రాయొద్దని అత్తయ్యని బతిమాలింది నేనే. ఏం కావాలని మీరెప్పుడు అడిగినా నాకేం వద్దనే రాశాను. ఈసారి అలా రాయలేను. భయంగా ఉందండీ. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు రావాలి.

ఈ ఉత్తరం మీ గదిలోవాళ్ళ కంటబడితే నేను తలెత్తుకోలేను. చదవగానే దీన్ని కాల్చేసి బయల్దేరండి.

ఇట్లు,
మీ దారి చూస్తూ,
మీ భార్య