నా ద్రాక్షతోటలోంచి బిచికోను ఖాళీ చేయించుట గురించి

గ్రామ పాలనాధికారి రామజ్ గారి సముఖమునకు,
వాజిస్ఖేవి గ్రామం, కఖేతి.

అయ్యా,

విషయం: విందులో నేనన్న మాట పట్టుకుని నా సపెరావి ద్రాక్షతోటలో తిష్ఠ వేసిన పొరుగువాడు బిచికోను బయటకు పంపించుట గురించి.

ఎల్గుజా అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మొన్న జనవరిలో నా మనవరాలి బాప్తిస్మం విందుకు నేనే పెద్దగా ఉండి, ఒక్కొక్కరి పేరునా వైన్ నింపిన కొమ్ము పాత్ర ఎత్తి దీవించినది తమరెరుగుదురు. బిచికో వంతు వచ్చినప్పుడు, "నా తోట నీది, నా తీగ నీది, నా ప్రాణం నీది" అన్నాను. మన కఖేతిలో ఈ మాట అననివాడు లేడు. విన్నవాడు "నీ తోట నీకే చల్లగా ఉండాలి" అనడం ఆనవాయితీ. వీడు కొమ్ము ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "సరే" అన్నాడు. తమరు కూడా లేచి నిలబడి ఆ మాట మీద తాగియున్నారు గనుక వేరే సాక్షులతో పనిలేదు.

2. మర్నాడు పొద్దున్నే తీగలు కత్తిరించే కత్తెరతో తోటలో దిగాడు. ఇదేమని అడిగితే, "ఒరేయ్ ఎల్గుజా, నా తోటలో నీకేం పనిరా? పోయి పొయ్యి దగ్గర కూర్చో, చలిగా ఉంది!" అని నన్నే వెళ్లగొట్టాడు.

3. సపెరావి పండుకు తోలే కాదు, కండ కూడా ఎరుపే. అంత చిక్కటి వైన్ కావాలంటే కొమ్మకు ఎనిమిది మొగ్గలు వదిలి మిగతాది కనికరం లేకుండా కోయాలి. వీడు పన్నెండు వదులుతున్నాడు. "ఆశ కాదురా, జాలి" అంటాడు. జాలిపడి పెంచిన తీగకు గుత్తులెక్కువ, రంగు తక్కువ. ఆ వైన్ పోస్తే, నేలలో పాతిన నా మట్టి బాన సిగ్గుతో ఇంకా లోతుకు పోగలదు.

4. కోసిన పుల్లలు మోపులు కట్టి తన ఇంటికి మోసుకుపోతున్నాడు. ఆదివారం ఆ నిప్పుల మీద పంది మాంసం కాల్చాడు. ముందు వాసన, తర్వాత పళ్లెం, రెండూ గోడ మీంచి వచ్చాయి. తిన్నాను. దీనిని నా అంగీకారముగా పరిగణించరాదు.

5. నిరుడు కోతల్లో బండి మీంచి పడి నా మోకాలు చెడినదని, అందుకే కత్తిరింపు నా వల్ల కావడం లేదని ఊళ్లో అనుకుంటున్నారు. అది ఈ అర్జీకి సంబంధించిన విషయము కాదు. నా భార్య నాతెలా మాత్రం, "నువ్వు చచ్చినా సాయం అడగవు. అడక్కుండా రావడానికి ఆయనకో వంక దొరికింది, అంతేనయ్యా" అంటున్నది. ఆమె మాట కూడా పరిగణించరాదు.

కావున విందులో అన్న మాటలు దస్తావేజులు కావని ఉత్తరువు ఇప్పించి, నా తోట నాకు దక్కించగలందులకు, తమరు ఆ కొమ్ము సంగతి కాసేపు మరచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎల్గుజా
(ప్రస్తుతానికి తోట యజమాని)

తా.క.: రామజ్ బాబూ, ఈ అర్జీ సంగతి నాతెలా గోడ మీంచి చెప్పేసింది. బిచికో వచ్చి కత్తెర మా గుమ్మానికి తగిలించి, "నీ తోట నీకే చల్లగా ఉండాలి" అనేసి వెళ్లిపోయాడు. విందులో అనవలసిన మాట ఇప్పుడన్నాడు. విని తట్టుకోలేకపోయాను.

ఎండ ముదురుతోంది. కొండవైపు వరసలు అలాగే ఉన్నాయి. ఇంకా ఆలస్యమైతే కోసిన చోటల్లా తీగ నీరు కారుస్తుంది. నిన్న నేనే దిగాను. రెండో తీగ దగ్గర కూలబడి, నాతెలా వచ్చి లేపేదాకా అక్కడే ఉన్నాను. వాణ్ణి పిలవడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

పైదంతా చించెయ్యి. వాడికి ఒక ఉత్తరువు రాయి, ముద్ర వేసి మరీ: రేపు పొద్దున్నే వచ్చి తన తోట తాను చూసుకోవాలని. మొగ్గలు పది. పది దాటితే మాత్రం మళ్లీ అర్జీ పెడతాను.