ఆట నేర్పింది మా నాన్న కాదు

వాల్మోర్,
1996 నవంబరు 11

సోజిగక్కా,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. ఎప్పటిలాగే మీ ఫ్యాక్టరీలో సార్డీన్ చేపల డబ్బాలకు అంటించే కాగితం వెనక రాశావు. ఎప్పటిలాగే పలకరింపు కూడా లేదు. "మొదటి గోల్ తప్పు నీదే" అని మొదలుపెట్టావు. నేను ఇప్పుడు ఆడడం లేదనీ, కోటు వేసుకుని బెంచీ మీద కూర్చుంటున్నాననీ నీకు గుర్తు చేద్దామనుకున్నాను. రెండో వాక్యం చదివాక ఆ ధైర్యం పోయింది. "ఆడకపోతే మాత్రం? ఆ జోరిస్‌ని ఎడమ పక్క నిలబెట్టింది ఎవరు? వెనక ఇల్లు తగలబడుతున్నా తిరిగి చూడని మనిషి వాడు."

నువ్వన్నది నిజమే. పదహారేళ్లు ఫుట్‌బాల్ మైదానంలో వెనక వరుసలో నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపాను. ఆపడం నాకు తెలుసు. జులైలో జట్టును చేతికిచ్చి "ఇక నడిపించు" అన్నారు. అది అంత బాగా తెలియదని నాలుగు నెలల్లో ఊరంతటికీ తెలిసిపోయింది. పదిహేను ఆటల్లో రెండు గెలిచాం. మా క్లబ్ అధ్యక్షుడు బుర్గ్లే గారికి కలప మిల్లులున్నాయి. మాట కూడా రంపంలాగే ఉంటుంది. నిన్న ఆఫీసుకు పిలిపించి కుర్చీ చూపించకుండానే అన్నాడు: "గుల్వెన్, గోడ కట్టడం వచ్చినవాడికల్లా ఇల్లు కట్టడం రాదయ్యా. క్రిస్మస్ దాకా చూస్తాను." నాకు కోపం రాలేదక్కా. గోడైనా బాగా కట్టానని ఒప్పుకున్నాడు కదా!

కానీ ఈ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు.

గురువారం పత్రికవాడొకడు వచ్చాడు. కొత్త కోచ్ గురించి అరపేజీ వేస్తారట. "మీకు ఆట నేర్పిందెవరు?" అని అడిగాడు. నేను వెంటనే, ఆలోచించకుండా, "మా నాన్న" అన్నాను. పదహారేళ్లుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను. నాన్న వల వేస్తుంటే పడవ అంచున బంతిని ఆపడం ఎలా నేర్చుకున్నానో ఒక కథ కూడా ఉంది నా దగ్గర. చెప్పీ చెప్పీ నున్నగా అరిగిపోయింది. వాడు రాసుకుని వెళ్లాడు. కాసేపటికి నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

నీకు గుర్తుండదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. గుర్తుండకుండా ఎలా ఉంటుంది? 1975, ఏప్రిల్. అలలు వెనక్కి పోయి ఇసుక గట్టిపడిన వేళ. నువ్వు నాన్న చేపల వేట బూట్లు వేసుకుని బంతితో నా మీదికొస్తున్నావు. నేను ఆపాలి. వందసార్లు వస్తే తొంభైసార్లు నన్ను దాటిపోయేదానివి. మిగతా పదిసార్లు మాత్రం ఆపగలిగానంటే, "బంతి అబద్ధమాడుతుందిరా, నడుము ఆడదు, నడుము చూడు" అని నువ్వు నేర్పినందుకే. ఆ రోజు గట్టు మీద టోపీ పెట్టుకున్న పెద్దమనిషి నిలబడి చూస్తున్నాడని మనకు తెలియదు. శిక్షణ కేంద్రం నుంచి వచ్చాడు. దిగివచ్చి నా భుజం మీద చెయ్యి వేసి అడిగాడు: "బాగా నిలబడుతున్నావు బాబూ. ఎవరు నేర్పారు?" నువ్వు మూడడుగుల దూరంలో బంతి చంకలో పెట్టుకుని ఉన్నావు. నీ ముఖంలో చిరునవ్వు మొదలవుతోంది. నేను "మా నాన్న" అన్నాను.

ఆడపిల్ల నేర్పిందంటే నవ్వుతాడేమోననీ, నన్ను తీసుకోడేమోననీ భయపడ్డాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కానీ ఇప్పుడు ముప్పై అయిదు, గురువారం ఏ భయంతో అన్నానో చెప్పలేను.

నువ్వు ఇంటికొచ్చి నా సంచి సర్దావు. మన రేవులో ఆడపిల్లలకు జట్టన్నదే లేదు. జూన్‌లో ఫ్యాక్టరీలో చేరి చేపల తలలు తియ్యడం మొదలుపెట్టావు. నేను నాలుగు వందల ఆటలు ఆడాను. ప్రతి ఆట తరవాతా నీ ఉత్తరం వచ్చింది. ఒక్కదానిలోనూ ఆ మాట ఎత్తలేదు. అదే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడైనా తిట్టు అక్కా. పేజీలు లెక్కపెట్టకుండా తిట్టు.

నీ దగ్గర ఆట నేర్చుకుని నీ పేరు మింగేసిన తమ్ముడు,
గుల్వెన్


వాల్మోర్,
1996 డిసెంబరు 2

అక్కా,

మూడు వారాలైంది, నీ దగ్గర్నుంచి చీటీముక్క లేదు. నాలుగు వందల ఆటల్లో ఇలా ఎన్నడూ జరగలేదు. పోర్‌గ్వెన్‌లో ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, "అది ఇంట్లో లేదు, పని మీద పోయింది" అని పెట్టేసింది. ఆదివారం పూట ఫ్యాక్టరీ ఏమిటి? నీ కోపం ఇదేనని అర్థమైంది. నేను తిట్టమన్నాను, నువ్వు ఇలా తిట్టావు. అయినా ఇక్కడ జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను. నిలబడి చదువుతుంటే కూర్చో.

మొన్న శుక్రవారం, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు ఊరికి వెళ్లాం. ఓడితే నా పని అయిపోయినట్టే. బట్టలు మార్చుకునే గదిలో కుర్రాళ్లందరూ చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చెప్పాలనుకున్నవి రాసుకున్న కాగితం కోసం జేబులు వెతికాను. కోటు జేబులో నీ చివరి ఉత్తరం తగిలింది. తీసి గట్టిగా చదివాను. మొదటి గోల్ తప్పు, రెండో గోల్ తప్పు, అన్నీ. "ఎదుటివాళ్లు కార్నర్ కొట్టినప్పుడల్లా గోల్‌కీపర్ పెయో బయటికి ఉరుకుతాడు, మళ్లీ ఆగుతాడు. స్నానానికని వెళ్లి సబ్బు మర్చిపోయినవాడిలా." ఎవరో కిసుక్కుమన్నారు. "కెప్టెన్ ఇసియాకా మంచివాడు. కానీ అందరి పనీ తానే చేస్తాడు. అత్తారింట్లో కొత్త కోడలా?" గది గొల్లుమంది. జోరిస్ ఇల్లు తగలబడే వాక్యం వచ్చేసరికి పెయో నవ్వి నవ్వి బల్ల మీంచి జారిపోయాడు. జోరిస్ చెవులు ఎర్రబడ్డాయి.

"కోచ్, ఎవరీ పెద్దమనిషి?" అన్నాడు వాడు. "ఎక్కడ పని చేశాడు? పారిస్‌లోనా?"

అక్కా, ఆ ఏప్రిల్ నాటి ప్రశ్నే మళ్లీ ఎదురైంది. "పెద్దమనిషి కాదు," అన్నాను. "మా అక్క. సార్డీన్ల ఫ్యాక్టరీలో చేస్తుంది. నాకు ఆట నేర్పింది ఆవిడే."

ఎవరూ నవ్వలేదు. ఇసియాకా ఒక్కడే లేచి, చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. తన గురించి ఉన్న వాక్యం మళ్లీ చదువుకున్నాడు. "మా అమ్మా ఇదే అంటుంది," అని జోరిస్ వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇవాళ నీ పని నేను చెయ్యను. ఇల్లు కాలితే నువ్వే ఆర్పుకో."

ఒకటి-సున్నాతో గెలిచాం. జోరిస్ తొంభై నిమిషాలూ గుడ్లగూబలా మెడ తిప్పుతూనే ఉన్నాడు. చివర్లో వాళ్ల కుర్రాడొకడు ఒంటరిగా దూసుకొస్తే, వెనక్కి పరుగెత్తి, గీత మీద బంతిని తన్నేసింది వాడే. తన్ని, బెంచీ వైపు వేలు చూపించి అరిచాడు: "ఇది రాయమను మీ అక్కని!"

ఆట అయ్యాక టీవీవాళ్లు అడిగారు. నేను చెప్పేశాను. నాన్న కాదు, సోజిగ్ అని, నీ పేరు రెండుసార్లు పలికాను. వాళ్ల వెనక నిలబడ్డ విలేఖరి ఒకడు పళ్లికిలించాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకోలేదు. వాడు నోరు మూసేదాకా చూశాను.

ఇవాళ పొద్దున్నే బుర్గ్లే గారి దగ్గరికి వెళ్లి, "నాకు సహాయక కోచ్ కావాలి. మా అక్క" అన్నాను. "మీ అక్కా? వంట బాగా చేస్తుందా?" అన్నాడు. నీ ఉత్తరాలు పదహారు తెచ్చి బల్ల మీద పెట్టాను. మొదటిది నవ్వుతూ తీశాడు. నాలుగోదానికి కళ్లజోడు పెట్టుకున్నాడు. తొమ్మిదోది అయ్యాక, "జనవరిలో రమ్మను. నన్ను మాత్రం ఇలా తిట్టకూడదు" అన్నాడు.

రా అక్కా. నా పక్కన కూర్చో. ఇరవై ఒక్క ఏళ్ల కింద నీదగ్గర తీసుకున్న చోటు ఇది. తిరిగి ఇవ్వడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. కోపమున్నా రా. కోపంతోనే రా.

నీ జవాబు కోసం పోస్టువాణ్ణి దారి కాస్తున్న
గుల్వెన్


పోర్‌గ్వెన్,
1996 డిసెంబరు 9

ఒరేయ్ గుల్వెన్,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివి ఏడ్చాను. మళ్లీ నవ్వాను. జవాబు ఆలస్యమైంది కోపంతో కాదురా మొద్దూ.

ఆ ఏప్రిల్ నాడు కోపం రాలేదని మాత్రం చెప్పను. వచ్చింది. బాగా వచ్చింది. అందుకే నీ సంచిలో ఒక్క బూటే పెట్టాను. శిక్షణ కేంద్రానికి వెళ్లి, బూటు రైల్లో పారేసుకున్నానని ఏడుస్తూ రాశావు, జ్ఞాపకముందా? ఆ ఉత్తరం చదివాక నా కోపం చల్లారింది. మర్నాడే రెండోది పంపాను, మంచం కింద దొరికిందని. అప్పటికి మన లెక్క సరి. నువ్వు ఇరవై ఒక్క ఏళ్లుగా మోస్తున్నావని తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని.

ఇంకొకటి కూడా నీకు ఎవరూ చెప్పలేదు. నువ్వు మొదటిసారి టీవీలో కనబడి "మా నాన్నే నేర్పాడు" అన్న రోజున మేమంతా తిఫెన్ బార్లో ఉన్నాం. జనం నాన్నను భుజాల మీదికెత్తారు. ఆపిల్ సైడర్ పోశారు. మూడు గ్లాసులు తాగాడు. నాలుగోది దిగలేదు. కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "నా జన్మలో బంతిని ఒక్కసారే తన్నాను, అప్పుడు నేనూ బంతీ ఇద్దరం సముద్రంలో పడ్డాం. వాడికి నేర్పింది ఇదిగో, ఇది!" అని నన్ను చూపించాడు. ఆ రోజు నుంచి నువ్వు ఎక్కడ "మా నాన్న" అన్నా, బార్లో అందరూ గ్లాసు నా వైపు ఎత్తుతారు. తిఫెన్ నాకు ఉచితంగా పోస్తుంది. రేవులో చేపలు పట్టే ప్రతివాడికీ, వేలం వేసే ప్రతివాడికీ తెలుసు. తెలియనిది నీకొక్కడికే! మొన్న నువ్వు టీవీలో నిజం చెప్పేస్తే తిఫెన్ తువ్వాలు బల్ల మీద విసిరికొట్టింది: "అయిపోయింది. ఇక దేనికి నవ్వాలి మనం?" కానీ అందరూ లేచి నిలబడ్డారురా. నాన్న మాత్రం ముక్కు తుడుచుకుంటూ, "నా పేరు పోయింది" అని అలిగాడు.

ఇక నీ ఉద్యోగం సంగతి. మీ బుర్గ్లే గారికి నా దండాలు చెప్పు. నేను రాను.

తొందరపడి బాధపడకు, పూర్తిగా చదువు. సెప్టెంబరులో మా ఫ్యాక్టరీ ఆడవాళ్లం ఒక జట్టు కట్టాం. పదమూడుమందిమి. మూతలు బిగించే చోట పని చేసే నోల్వెన్ గోల్‌కీపర్. డబ్బాల మీద మూతలు పట్టే చేతులు బంతిని వదలవు. నాలాంటి ముప్పై ఎనిమిదేళ్లవాళ్లు ఇద్దరున్నారు, మోకాళ్లు కిర్రుమంటాయి. జిల్లా పోటీల్లో పేరిచ్చాం. ఈ నెలంతా పని అయ్యాక సాధనే, నీకు రాసే తీరిక లేకపోయింది. నువ్వు నవ్వుతావేమోనని నీకు చెప్పలేదు. చూశావా, భయం నీ ఒక్కడి సొత్తు కాదు. అమ్మ ఫోన్లో "పని మీద పోయింది" అన్నది ఆట గురించే. నేనే అలా చెప్పమన్నాను.

మొదటి ఆట అయిదు-సున్నాతో ఓడాం. రెండోది మూడు-సున్నా. మూడోది వాన వల్ల బతికిపోయాం. నిన్న మన మైదానంలో నాలుగోది. రేవు రేవంతా గొడుగులేసుకుని వచ్చింది. అమ్మ వెన్న రొట్టె చేసి తెచ్చి, ఎదుటి జట్టుకు పెద్ద పెద్ద ముక్కలు పెట్టింది. "బాగా తింటే పరుగెత్తలేరు" అంది నా చెవిలో. గీత పక్కన జెండా ఊపడానికి మనవాళ్లే ఒకరు కావాలంటే నాన్న ముందుకొచ్చాడు. నియమాలు తెలుసా అని రెఫరీ అడిగితే, "నలభై ఏళ్లు సముద్రం మీద జెండాలు ఊపాను" అన్నాడు. ఇరవయ్యో నిమిషంలో నేను ఇద్దర్ని దాటి గోల్ కొట్టాను. తిరిగి చూస్తే నాన్న జెండా ఎత్తి ఉన్నాడు. ఆఫ్‌సైడ్! సొంత కూతురికి! నేను ఆయన మీదికి పోయి, "నాన్నా, ఆఫ్‌సైడంటే ఏమిటో చెప్పు చూద్దాం" అంటే, "నాకేం తెలుసే, నువ్వు మరీ ఒంటరిగా కనిపించావు" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. రెఫరీ ఆ గోల్ చెల్లదన్నాడు.

తరవాత రెండు జట్లూ చెరొకటి కొట్టి, ఒకటి-ఒకటి దగ్గర, అయిదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, మళ్లీ బంతి నా కాలి దగ్గరికొచ్చింది. ఎదురుగా ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయి, నీలాగే బాగా నిలబడుతుంది. దాటాను. ఎలా దాటానో నన్నడగకు. తన్నాను. నాన్న జెండా రెండు చేతులతో కడుపుకి హత్తుకుని, అది పొరపాటున లేవకుండా దాని మీద వంగిపోయి ఉన్నాడు.

ఒరేయ్, ఇసుకలో రెండు రాళ్లు పెట్టి వేల గోల్స్ కొట్టాను. ప్రతిసారీ బంతి వెనక నేనే సముద్రం దాకా పరుగెత్తేదాన్ని. నిన్న బంతి వలలో పడి అక్కడే ఆగిపోయింది. వెళ్లి తెచ్చుకోనవసరం లేదు. ఏం చెయ్యాలో తోచక చేతులు దించుకుని నిలబడ్డాను. అంతలో పన్నెండుమంది వచ్చి మీద పడ్డారు.

కాబట్టి నీ బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాదు. ఆదివారాలు నాకు ఆట ఉంది.

సోజిగ్,
తొమ్మిదో నంబరు